ముప్పై ఏడో నంబరు గ్రీటింగు

ఇచ్చిన బహుమతి తిరిగి ఇమ్మని ఇరవై నాలుగు మంది మీద పడడం, కుదిరిన పెళ్లిని కూలగొట్టినంత పని చేయడం, కన్నతండ్రి మగ్గానికి ఆరు రోజులు మూగనోము పట్టించడం. ఈ మూడు ఘనకార్యాలనూ నెల తిరగకుండా చేసిన మనిషి పాలమూరు గడ్డ మీద ఇంకెవరైనా ఉంటే ముందుకు రండి, నా కిరీటం తీసి మీ నెత్తిన పెడతాను. పైగా ఇదంతా నేను మంచి మనసుతో చేశాను. చెడ్డ మనసు ఉన్నవాళ్లకు ఇంత నష్టం చేసే ఓపిక ఎక్కడిది?

అప్పుడు గద్వాలలో డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్నాను. సెల్‌ఫోన్లు ఇంకా మా చేతుల్లోకి రాలేదు. కొత్త సంవత్సరం వస్తోందంటే దుకాణాల ముందు గ్రీటింగు కార్డులు తోరణాల్లా వేలాడేవి. ఒకటి తెరిస్తే రెండు గులాబీలు, ఇంకొకటి తెరిస్తే బుట్టలో కుక్కపిల్ల. ఏ దుకాణానికి పోయినా అదే కుక్కపిల్ల. ఆ ఏడు రంజానూ, కొత్త సంవత్సరమూ ఒకే వారంలో కలిసొచ్చాయి.

"కుక్కపిల్ల గ్రీటింగులు ఎవరైన ఇస్తరు. మనం సొంతంగ చేద్దం" అంది షాహీన్.

షాహీన్ నా క్లాస్‌మేటు. మా వెనక వీధి. వాళ్ల అబ్బా తాలూకా కచేరి ఎదురుగా రబ్బరు స్టాంపులు చేస్తాడు. ఊళ్లో ఏ ఆఫీసరు ముద్ర కొట్టినా అది చాచా చేతిలోంచి పుట్టిందే. కత్తిరించగా మిగిలిన రబ్బరు ముక్కలు వాళ్లింట్లో డబ్బాల కొద్దీ ఉండేవి. షాహీన్‌కు కొల్లాపూర్‌లో గడియారాలు బాగుచేసే సలీంతో పెళ్లి నిశ్చయమై రెండు నెలలు. పరీక్షలయ్యాక పెళ్లి. ఆ సంగతి ఇప్పుడెందుకు అనకండి, మున్ముందు అవసరపడుతుంది.

రబ్బరు ముక్క మీద బ్లేడుతో పూలు చెక్కడం షాహీన్ పని, అక్షరాలు చెక్కడం నా పని. నేను ఒక పూట కూర్చుని "శుభాకాంక్షలు" అని ముత్యాల్లాంటి అక్షరాలు చెక్కి, సిరాలో అద్ది, కాగితం మీద గట్టిగా ఒత్తాను. తీసి చూస్తే ఏ భాషా కాదు. 

"ఏందే ఇది? చీమ సిరాల పడి ఇంటికి పోయినట్టున్నది" అంది షాహీన్.

"తెలుగే!"

"స్టాంపు మీద ఉల్టా చెక్కితెనే కాగితం మీద సీదా వస్తది పిచ్చిదానా. డిగ్రీ ఎట్ల పాసైతవే నువ్వు?"

కాబట్టి అక్షరాలు కూడా షాహీన్ పనే అయ్యాయి. నాకు మిగిలింది కొట్టుడు పని. డబ్బా రేకును సన్నగా కత్తిరించి, ఒకదాన్ని నెలవంకలా, ఇంకొకదాన్ని నక్షత్రంలా వంచాం. అట్ట మీద పెట్టి సుత్తితో ఒక్కటి వేస్తే చాలు, అదే ఆకారంలో ముక్క తెగి ఊడిపడేది. రంజాను గ్రీటింగుకు నెలవంక, న్యూ ఇయర్ గ్రీటింగుకు నక్షత్రం. అంతా సిద్ధం. కావలసింది మంచి అట్ట.

ఇక్కడి నుంచి గుండె దిటవు చేసుకోండి.

మా నాయిన నేతగాడు. ఇంట్లో ముందు గదిలో గుంత మగ్గం. మగ్గం పైన జాకార్డు అనే యంత్రం ఉంటుంది, చీర అంచులో బొమ్మ వేసేది అదే. దానికి ఏ పోగు లేపాలో చెప్పేవి అట్టలు. జానెడున్నర పొడుగు, నాలుగు వేళ్ల వెడల్పు, ఒంటినిండా రంధ్రాలు. రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్కో అట్ట బొమ్మలో ఒక్కో వరస. ఈ సంగతి గద్వాలలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నాకు మాత్రం తెలియదు. ఎందుకంటే నేను కామర్సు చదువుతున్నాను. నేతింట్లో పుట్టి పోగుకూ పేలికకూ తేడా తెలియకుండా ఇరవై ఏళ్లు పెరగడం అంత తేలిక కాదు, దానికి ఎంతో దీక్ష కావాలి.

పాతబడిన డిజైను అట్టల్ని అమ్మ పొయ్యి రాజేయడానికి వాడేది. ఆ మాట నాకు గుర్తుంది. అమ్మ రొట్టెలు కొడుతుండగా గుమ్మంలోంచే అడిగాను.

"అమ్మా, మూలకున్న అట్టలు తీస్కుంటనే."

"తీస్కపో. పొయ్యిలకే గదా."

అమ్మ చెప్పింది వంటింటి మూల. మా ఇంటికి ఇంకా చాలా మూలలున్నాయని ఆమె మరిచిపోయింది, నేను మరిచిపోలేదు. వంటింటి మూలవి మసిబారి, మూలలు విరిగి, ముట్టుకుంటే రాలిపోయేలా ఉన్నాయి. మగ్గం గది మూలన మాత్రం గుడ్డలో చుట్టి ఇంకో కట్ట ఉంది. తెల్లగా, నిటారుగా, కొత్త లెక్చరరులా పెళపెళలాడుతూ! మీరైతే ఏవి తీసుకుంటారు? అదీ సంగతి. పై నుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి ఏరి ఏరి ఇరవై నాలుగు తీసుకున్నాను. ప్రతి అట్ట మూలన పెన్సిలుతో ఒక అంకె వేసి ఉంది. అందులో ఏదో అర్థం ఉండొచ్చని నాకు తట్టనేలేదు.

ఒకటి మాత్రం చెప్పాలి, ఆ కార్డులు నిజంగా బాగొచ్చాయి. అట్ట వెనక గాలిపటం కాగితం అతికించాం. ఎర్రది, పచ్చది, నీలంది. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే రంధ్రాలన్నీ రంగురంగుల దీపాల్లా వెలిగేవి. ఒక చివర నెలవంకో నక్షత్రమో, కింద రబ్బరు స్టాంపు పూలు, పైన రిబ్బను. మడత పెట్టడానికి మనసొప్పక పొడుగ్గానే ఉంచేశాం. కాలేజీలో పంచితే అమ్మాయిలు నన్ను చుట్టుముట్టారు. ఎకనామిక్స్ సారైతే "ఇంత మంచి చెయ్యి పెట్టుకొని కామర్సుల ఎందుకున్నవమ్మా?" అన్నారు. అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేలలేదు.

కొత్త సంవత్సరం వచ్చిన మూడో నాడు నాయిన ఆ కట్ట విప్పాడు. అట్టల్ని అంకెల వరసన దారంతో గొలుసులా కుట్టి జాకార్డుకు ఎక్కించాలి. నేను పక్కన కూర్చుని చదువుతున్నట్టు నటిస్తున్నాను.

"ఇరవై తొమ్మిది... ముప్పై... ముప్పై రెండు." ఆగాడు. "ముప్పై ఒకటి యాడవోయింది?"

మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. మా నాయిన అరిచే మనిషి కాదు. అరిచినా బాగుండేది. ఒక్కో అంకె దగ్గర ఆగినప్పుడల్లా నా పుస్తకం ఒక్కో అంగుళం పైకి లేచింది. చివరికి ముఖం మొత్తం మూసేసింది.

"డెబ్బై రెండిట్ల ఇరవై నాలుగు లేవు" అన్నాడు అమ్మతో. "ఎలుకల పని గాదు. ఎలుకలైతే ముక్కలన్న మిగులుతుండె."

"నాయినా" అన్నాను పుస్తకం వెనక నుంచి, "ఎలుకలు కాదు."

"మరేంది?"

"హ్యాపీ న్యూ ఇయర్."

అమ్మ చేతిలోని చేట కింద పడింది. అప్పుడు తెలిసింది నాకు విషయం. వనపర్తిలో ఒక ఇంటివాళ్లు పెళ్లిచీర కోసం దుకాణానికి పోకుండా నేరుగా నాయిన దగ్గరికే వచ్చారు. నాయినకు అలాంటి పని దొరకడం అదే మొదలు. అంచులో హంసలు కావాలన్నారు. దాని కోసమే కొత్తగా అట్టలకు రంధ్రాలు కొట్టించాడు. నెల ఇరవైకల్లా చీర అందాలి.

"మళ్ల కొట్టియ్యరాదా నాయినా?"

"కొట్టేటాయన అయ్యప్ప మాలేసుకొని శబరిమల పోయిండు. సంక్రాంతికి జ్యోతి చూసిగాని రాడు. బొమ్మ గీసిన గ్రాఫు ఆయన పెట్టెల ఉన్నది. పెట్టెకు తాళం. తాళంచెవి ఆయన నడుముకు." నాయిన నెమ్మదిగా కళ్లజోడు తీశాడు. "అన్ని అడిగి తీస్కరా."

"ఇచ్చిన గ్రీటింగు ఎట్ల అడుగుతరు నాయినా? ఇజ్జత్ పోతది!"

"ఇచ్చేటప్పుడు ఎట్ల ఇచ్చినవ్?"

"చేత్తోని."

"గట్లనే. గదే చెయ్యి చాపు."

మర్నాడు నేనూ షాహీన్ కాలేజీ మీద పడ్డాం. ముందు ఎకనామిక్స్ సారు.

"సార్, మీకు చెప్పిన శుభాకాంక్షలు జర వాపస్ ఇయ్యండి సార్."

సారు సుద్దముక్క కింద పెట్టారు. "ఎందుకమ్మా? టెస్టుల మార్కులు తక్కువేసినననా?"

"కాదు సార్. అది మా నాయిన హంసది సార్."

సారు నా నుదుటి వైపు జాలిగా చూసి, చప్పుడు చేయకుండా ఇచ్చేశారు. ఆ తర్వాత మార్చి దాకా నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అమ్మాయిల్లో ఒకామె "నాతోని కటీఫా?" అని ఏడ్చింది. ఒకామె ఇవ్వనని హాస్టలు గదిలోకి పోయి గొళ్లెం పెట్టుకుంది. తలుపు కింద సందులోంచి కార్డు బయటికొచ్చేదాకా నేనూ షాహీన్ మెట్ల మీద సత్యాగ్రహం చేశాం. రెండు రోజుల్లో ఇరవై రెండు వచ్చాయి. మిగిలినవి రెండు. పన్నెండో నంబరు వనపర్తిలో మా మేనత్త దగ్గర ఉంది, పోస్టులో నేనే పంపాను. ముప్పై ఏడో నంబరు ఎవరికిచ్చామో నాకెంతకీ గుర్తు రాలేదు.

షాహీన్ గోళ్లు చూసుకుంటోంది.

"షాహీన్?"

"కొల్లాపూర్ పోయింది" అంది నేలను చూస్తూ.

"అంటే... సలీంకా? నువ్వు పంపినవా?"

"మెల్లగనే! ఇంట్ల ఎవ్వరికి తెల్వదు. లగ్గం కాకముందు పిల్లగానికి గ్రీటింగులు పంపిందని మా అమ్మీకి ఎరుకైతే నన్ను నాలుగు ముక్కలు చేస్తది. నా మీద ఒట్టు, ఎవరికి చెప్పొద్దు."

ఒట్టు వేశాను. తెలివితక్కువవాళ్లకు ఒట్లు ఇవ్వకూడదని షాహీన్‌కు ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి అడిగాను. "నాయినా, ముప్పై ఏడు లేకుంటె నడవదా?"

"ముప్పై ఏడంటె హంస ముక్కు. ముక్కు లేకుంటె దాన్ని బాతు గుడ రానియ్యదు. ఎవరి దగ్గరున్నది?"

"కొల్లాపూర్‌ల... ఒక దోస్తు దగ్గర."

"పొద్దుగాలె పోదం పా."

పొద్దున్నే వనపర్తి బస్సెక్కాం. మేనత్త తలుపు తీసిన దగ్గర్నుంచి నా కార్డు గురించే చెప్పింది. ఇరుగుపొరుగుకంతా చూపిందట. ఎక్కడుందంటే దేవుడి అరలోకి తీసుకుపోయింది. పటాల మధ్య, బొట్లు పెట్టించుకుని, బంతిపువ్వు వేయించుకుని కూర్చుని ఉంది పన్నెండో నంబరు.

"అక్కా, అది జర తియ్యి" అన్నాడు నాయిన.

"దేవుని కాడ పెట్టింది ఎట్ల తీస్తర్రా? పూజ చేసిన."

"నువ్వు పూజ చేసింది హంసకాలుకే అక్కా."

మేనత్త నా వైపు ఒక చూపు చూసి, దేవుడికి చెంపలు వేసుకుని, కార్డు తీసి ఇచ్చింది. 

అక్కడి నుంచి కొల్లాపూర్. సలీం ఇంటి ముందు గదే దుకాణం. గోడ నిండా గడియారాలు, ఏ రెండూ ఒక మాట మీద లేవు. సలీం మధ్యాహ్నం నమాజుకు పోయాడు. దుకాణంలో వాళ్లమ్మ కూర్చుని ఉంది.

"యాడికెల్లి వచ్చిన్రు?" అంది.

"గద్వాల" అన్నాడు నాయిన.

ఆమె ముఖం వెలిగిపోయింది. నీళ్లొచ్చాయి, చాయ్ వచ్చింది. "గద్వాలంటె మా కాబోయే కోడలి ఊరే! షాహీన్ వాళ్ల తరఫోళ్లా?"

నేను వేసిన ఒట్టు గుర్తొచ్చింది. "కాదు కాదు ఖాలా! షాహీన్ ఎవరో నాకు అస్సలే తెల్వదు" అన్నాను. అడిగినదానికన్నా ఎక్కువ చెప్పేవాళ్లే దొంగలని పోలీసులు ఊరికే అనరు.

"మరి సలీంతోని ఏం పని బిడ్డా?"

"నేను ఆయనకు ఒక గ్రీటింగు పంపిన. అది వాపస్ కావాలె."

గోడ మీది గడియారాలన్నీ ఒక్కసారి ఆగినట్టనిపించింది.

"నువ్వు? మా సలీంకు? గ్రీటింగు?"

"రంజాన్ గ్రీటింగే ఖాలా. దాని మీద చందమామ ఉంటది."

నాయిన మెల్లగా నా వైపు తిరిగాడు. గోడ మీద సలీం ఫొటో ఉంది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "దోస్తంటివి" అన్నాడు.

"దోస్తే నాయినా."

"దోస్తుకు మీసాలున్నయ్."

"యా అల్లా!" ఆమె లేచి నిలబడింది. "కుదిరిన లగ్గం! బట్టలు గుడ పెట్టుకున్నం! ఇప్పుడొచ్చి ఇంకో పిల్ల తండ్రిని ఎంట వెట్టుకొని మా వానికి గ్రీటింగు రాసిన అంటది! గద్వాలోళ్లకు నేనేం మొకం చూపియ్యాలె? ఇయాల్నే మనిషిని పంపుత. మావోడే మంచోడు కాదని చెప్పి పంపుత!"

పక్క దుకాణం వాళ్లు తొంగిచూశారు. నిజం చెబితే షాహీన్ నాలుగు ముక్కలు. చెప్పకపోతే పెళ్లి రెండు ముక్కలు. నాకు లెక్కలెప్పుడూ రావు. నిలబడి ఏడవడం మొదలుపెట్టాను. దానితో ఆమె అనుమానం గట్టిపడింది.

సరిగ్గా అప్పుడే టోపీ సర్దుకుంటూ సలీం వచ్చాడు. తల్లి తిట్టినంతసేపూ నెమ్మదిగా విన్నాడు. తర్వాత బల్ల సొరుగు తీసి, మెత్తటి గుడ్డలో చుట్టిన ముప్పై ఏడో నంబరు బయటికి తీశాడు.

"అమ్మీ, ఇది పంపింది షాహీన్" అన్నాడు, చెవులు ఎర్రబడుతుంటే. "కింద పేరు గుడ ఉన్నది చూడు."

ఆమె కార్డు చూసింది. కిటికీ వైపు తిప్పి రంగులు చూసింది. ఆమె ముఖంలోకి నవ్వు మెల్లగా ఎక్కింది. "పిల్ల చేతిల ఏం పనితనమున్నదిరా!" అని, నా వైపు తిరిగింది. "మరి నీకు షాహీన్ ఎవరో తెల్వదంటివి?"

"ఇప్పుడే తెల్సింది ఖాలా."

ఆమె నవ్వుతూ నా తల మీద ఒక్కటి మొట్టి, షాహీన్ గుట్టు తన దగ్గరే ఉంటుందని మాటిచ్చింది. ఇక కార్డు తీసుకుని బయల్దేరడమే అనుకున్నాను.

"ఇయ్యను" అన్నాడు సలీం.

"అన్నా, అది లేకుంటె..."

"ఆమె నాకిచ్చిన మొదటి చీజ్ ఇది. ఏమన్న అడుగు, ఇది అడగకు."

అప్పటిదాకా మూల నిలబడ్డ నాయిన ముందుకొచ్చాడు. జీవితంలో ఎవరినీ ఏమీ అడిగి ఎరగని మనిషి. "బాబూ" అన్నాడు, "నీకది గ్రీటింగే. కాదంటలేను. నాకు మాత్రం ఒక నెల కష్టం. నా పేరు మీద వచ్చిన మొదటి చీర అది. వాళ్లకు మాటిచ్చిన."

సలీం కార్డును తిప్పి తిప్పి చూశాడు. "మీకు కావాల్సింది అట్టనా, దాని మీద రంధ్రాలా?"

"రంధ్రాలే."

"ఖాళీ అట్ట ఉన్నదా?"

పాతది చిరిగితే ఎలాగని నాయిన సంచిలో ఒక ఖాళీ అట్ట పెట్టుకొచ్చాడు. సలీం కంటికి భూతద్దం బిగించాడు. కార్డు వెనక రంగు కాగితాన్ని బ్లేడుతో మీగడలా తీశాడు. రెండు అట్టల్నీ కలిపి బిగించి, గడియారం పట్టాలకు రంధ్రాలు పెట్టే పనిముట్టు అందుకున్నాడు. టక్. టక్. టక్. పైనున్న అట్టలో ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ కింది అట్టలో ఒక గుండ్రటి రంధ్రం. గంటన్నర వంచిన తల ఎత్తలేదు. నాయిన ఆ చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు. పనివాణ్ని పనివాడు చూసే చూపు అది.

"సరిచూస్కో బిడ్డా" అని కొత్త అట్ట నాకిచ్చాడు నాయిన.

ఆ రోజు నా మీద ఆయన పెట్టిన మొదటి బాధ్యత. రెండు అట్టల్నీ కలిపి వెలుతురుకు పట్టుకుని, వరస వరసా చూశాను. పాతదాంట్లో ఖాళీ ఉన్నచోటల్లా కొత్తదాంట్లోంచి వెలుతురు వస్తోంది.

"సూదిమొనంత తేడ లేదు నాయినా!" అని ప్రకటించాను. 

నిజమే, తేడా లేదు. ఆ తేడా లేకపోవడమే మా కొంప ముంచింది. కాస్త ఓపిక పట్టండి.

మర్నాడంతా అమ్మా, నేనూ, షాహీన్ కూర్చుని మిగతా ఇరవై మూడు అట్టలకు వైద్యం చేశాం. రంగు కాగితాలు పీకాం. మైదా జిగురుతో మూసుకుపోయిన రంధ్రాల్ని దబ్బనంతో ఒక్కొక్కటే తెరిచాం. మేం కొట్టిన నక్షత్రాలకూ నెలవంకలకూ వెనక నుంచి అట్టముక్కలు అతికించి పూడ్చాం. ముప్పై ఏడో నంబరు కొత్త పెళ్లికొడుకు, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నాయిన అన్నీ కుట్టి మగ్గానికి ఎక్కించాడు. ఆరు రోజుల తర్వాత మగ్గం చప్పుడు వినబడగానే అమ్మ ఆ పూట పాయసం వండింది.

మా మగ్గం మీద చీర బోర్లా నేస్తారు. మంచివైపు కిందికి ఉంటుంది. మొదటి హంస పూర్తవగానే నాయిన కింద అద్దం పెట్టి చూశాడు. హంస బాగుంది. ముక్కు దగ్గర సన్నటి జరీ గీత ఒకటి కనబడితే ఏదో పోగు వేలాడుతోంది, తర్వాత కత్తిరించొచ్చు అనుకున్నాడట. గజం నేశాక బట్ట తిప్పి చూశాడు.

"ఇటు రాండ్రి" అన్న గొంతు విని పరిగెత్తాం.

అంచు పొడవునా హంసలు. మెడ వంపు, రెక్క, తోక, అన్నీ చక్కగా ఉన్నాయి. ప్రతి హంస ముక్కు కొసనా అడ్డంగా ఒక చిన్న జరీ పుల్ల! 

అమ్మ వంగి చూసింది. "గిదేందయ్యా, హంసలు బీడీలు తాగుతున్నయ్?"

గబగబా ముప్పై ఏడో అట్ట చూశాను. ఒక చివర ఏడు రంధ్రాలు వరసగా, కొంచెం వంకరగా. అది మేం కొట్టిన నెలవంక! సలీం ప్రేమకొద్దీ దాన్ని కూడా వదలకుండా దింపేశాడు. అతని పనిముట్టుకు గుండ్రటి రంధ్రం తప్ప రాదు కాబట్టి నెలవంక ఏడు చుక్కలై మిగతా రంధ్రాల్లో కలిసిపోయింది. పాతదానితో పోల్చి తేడా లేదని చాటింపు వేసిన మహామేధావిని నేనే. తప్పు పక్కన తప్పు పెట్టి చూస్తే రెండూ ఒప్పులాగే కనబడతాయి మరి.

"ఏడు రంధ్రాలు మూస్తే సరిపోతది నాయినా" అన్నాను.

"ముందటియి సరైతయి. ఈ గజం సంగతేంది? విప్పితె జరీ పాడైతది. రోజులు లేవు."

నాయిన బీడీ హంసల్ని చాలాసేపు చూశాడు. తర్వాత మగ్గం గుంతలోకి దిగి కూర్చున్నాడు.

"ఒక్క హంస తాగితె తప్పు" అన్నాడు. "చీరంత తాగితె అది డిజైను."

పోగును లాక్కుంటూ నాడె అటూ ఇటూ ఉరకడం మొదలుపెట్టింది.

ఇరవయ్యో తారీకున చీర తీసుకుని నాయినతో నేనూ వనపర్తి పోయాను. తప్పు నాది కాబట్టి తిట్లు కూడా నేనే తినాలని పట్టుబట్టాను. నిజం చెప్పేయాలి, చేతులు జోడించాలి, వాళ్లు వద్దంటే చీర తెచ్చేసుకోవాలి. దారి పొడవునా ఇదే వల్లె వేసుకున్నాను. నాయిన మాత్రం కిటికీలోంచి చూస్తూ, చీర మూట ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీదే ఉంచాడు.

చీర చూడ్డానికి ఇంటిల్లిపాదీ వచ్చారు. అందరి ముందూ పెళ్లికూతురి నాయనమ్మ కూర్చుంది. ఎనభై ఏళ్లుంటాయి. కళ్లద్దాలు పెట్టుకుని, చీర మడత విప్పి, అంచును వెలుతురుకు జరిపి, వేలితో ఒక్కో హంసనూ తడిమింది. వేలు ముక్కు దగ్గర ఆగింది.

"గీ హంస నోట్ల ఏందే పిల్లా?"

అబద్ధం ఆడకూడదనుకున్నాను కదా. ఊపిరి గట్టిగా పీల్చి నోరు తెరిచాను.

"బీ..."

నాయిన మడమ నా కాలి చిటికెనవేలు మీద దిగింది.

"...స్స్!"

"బిసమా!" అంది అవ్వ. కళ్లద్దాలు తీసేసింది. "ఓసి నీ నోట్ల చక్కెర పొయ్య! బిసము! తామర తూడు! హంసలు బిసాలు తింటయని మా నాయిన పద్యాలు చదువుకుంట చెప్పేటోడే. ఆ మాట విని అరవై ఏండ్లాయె. ఈ కాలపు పిల్లవు, నీకెట్ల తెల్సునే?"

నా చిటికెనవేలు ఇంకా మడమ కిందే ఉంది.

"డిగ్రీ సదువుతుందవ్వా" అన్నాడు నాయిన వినయంగా.

అవ్వ చీరను పెళ్లికూతురి భుజం మీద వేసి, తన చేత్తోనే అంచు సర్దింది. ఆ అమ్మాయి వంగి హంసను చూసుకుని నవ్వింది. ఎంతో బాగుంది ఆ నవ్వు. "ఇంకా ఇద్దరు మనుమరాండ్లు ఉన్నరు నాకు. వాళ్లకు గుడ నువ్వే నెయ్యాలె" అంది అవ్వ నాయినతో. "తూడు మరిచేవు. తూడు లేని హంసలైతె నేను ముట్ట."

తిరుగు బస్సులో చాలా దూరం వచ్చాక నాయిన అడిగాడు.

"ఆ మాట నిజంగ ఉన్నదా? బిసము అని?"

"నాకేం ఎరుక నాయినా. నేను బీడీ అనబోయిన."

నాయిన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. కాదు, నవ్వుతున్నాడు. తువ్వాలు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. కండక్టరు వచ్చి "ఏమైంది పెద్దమనిషీ?" అనడిగితే జవాబు చెప్పలేక నా వైపు చెయ్యి చూపించాడు. అంతగా నవ్విన నాయినను నేను అంతకుముందు చూడలేదు.

అట్టలు కొట్టే ఆయన శబరిమల నుంచి వచ్చాక నాయిన నన్ను వెంటబెట్టుకుని పోయాడు. "ఈ పిల్లకు పని నేర్పు. నేర్వక చేస్తెనే గింత చేసింది, నేర్చి చేస్తె ఏం చేస్తదో చూద్దం" అన్నాడు. ఆ వేసవిలో షాహీన్ పెళ్లయింది. నా కామర్సు కూడా ఎలాగో గట్టెక్కింది. మొదటి ఆరు నెలలూ నేను గీసిన నెమళ్లు కోళ్లలా, కోళ్లు కుండల్లా వచ్చాయి. ఇప్పుడు మా ఇంట్లో అంచులకు బొమ్మలు గీసేది నేనే. నాయిన కళ్లజోడు సవరించుకుని చూసి, బాగుంటే ఏమీ అనడు. బాగా లేకపోతే మాత్రం "ఇది ఎవరికన్న పోస్టుల పంపు" అంటాడు.

కాబట్టి పెద్దలారా, మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి మగ్గం మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. రంధ్రాలున్న వస్తువు ఏదైనా సరే, చివరికి ఇంట్లో జల్లెడైనా సరే, ఇది ఎవరిదని ముగ్గురిని అడగనిదే ముట్టను. ఇక మీదట ఎవరికి శుభాకాంక్షలు చెప్పినా నోటితోనే చెబుతాను. చెప్పినవి మాత్రం, ఆ హంసలే వచ్చి నా కాళ్ల మీద పడినా సరే, వాపసు అడగను.